టీషర్టు మీది సొర, మన రేవులోని సొర

ఈ మధ్య సొరచేపల బొమ్మలున్న టీషర్టులు తెగ వస్తున్నాయి. నోరు బారెడు తెరిచి, పళ్లన్నీ బయటపెట్టి, నీళ్లలోంచి పైకి దూసుకొస్తున్న పెద్ద సొర. దాని కింద సముద్రాన్ని కాపాడమని ఇంగ్లీషులో ఒక నినాదం. లోపల ట్యాగు మీద చీమతలకాయంత అక్షరాల్లో, అమ్మకాల్లో కొంత భాగం సొరల సంరక్షణకు వెళ్తుందని ఒక మాట. మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు, సంక్రాంతికి అలాంటిదే వేసుకుని నెల్లూరు వచ్చాడు. నేను ఇక్కడ టీషర్టుల ప్రింటింగ్ పనిలోనే ఉన్నాను గనక, పలకరింపులు అయ్యాయో లేదో వాణ్ణి వెనక్కి తిప్పి కుట్టు చూశాను, అంచు లాగి బట్ట మందం చూశాను, ఆ తర్వాత బొమ్మ చూశాను. పనితనానికి వంక పెట్టడానికి లేదు. చేయి తిరిగిన ఆర్టిస్టే వేశాడు.

సాయంత్రం మైపాడు బీచికి వెళ్లాం. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన వాడి ఛాతీ వైపు కాసేపు చూసి, "ఏంది అబ్బయ్యా, ఇది యాడ పడింది? మన కాడ ఇట్టాంటిది పడదే" అన్నాడు.

"పడలేదు మామా. ఇవి తగ్గిపోతా ఉండాయని, కాపాడాలని చొక్కా ఏశారు" అన్నాడు మావాడు.

"మన కాడ పడేయి గూడా తగ్గిపోతానే ఉండాయి గదా. వాటిని ఎవురూ ఎయ్యలేదా?"

మావాడు నవ్వేసి ఊరుకున్నాడు. ఆయన మాత్రం నవ్వడానికి అడగలేదు. అడిగిన దాంట్లో విషయం ఉంది. ఆ చొక్కా మీద ఉన్నది గ్రేట్ వైట్. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా తీరాల చల్లటి నీళ్లలో తిరిగే జాతి. 1975లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా దాన్ని ప్రపంచం మొత్తానికీ రాక్షసిని చేసి చూపించింది. ఇప్పుడు అదే నోటిని, అవే పళ్లను చూపించి జాలిపడమంటున్నారు. బంగాళాఖాతంలో, కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా మన బోట్లలో వచ్చే సొరలకు ఆ బొమ్మకూ పోలికే లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. సొరల కోసం బొమ్మ వేసే ఆర్టిస్టు అది ఏ సొరో, ఎవరి వలలో పడుతుందో తెలుసుకుని వేయాలి. ఆ బొమ్మ అమ్మిన డబ్బు కూడా ఆ వల దగ్గరికే రావాలి. ఈ రెండూ లేకపోతే అది మామూలు టీషర్టే. వేసుకోవడంలో తప్పేం లేదు, కాకపోతే దానికి సంరక్షణ అని పేరు పెట్టకూడదు.

మన వైపు సొర ఎలా వస్తుందో చూడని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. సొర కోసమే వేటకెళ్లే ఫైబర్ బోట్లు మా తీరంలో తక్కువ. వంజరం కోసమో, చందువ కోసమో, కానగంతల కోసమో వల వేస్తారు. వాటితోపాటు సొర కూడా పడుతుంది. ఎక్కువగా మూరెడు, రెండు మూరల పొడవుండే చిన్న రకాలు, బూడిద రంగువి. వాటిలో పాలసొరకు గిరాకీ ఎక్కువ. అప్పుడప్పుడు సుత్తిలాంటి తల ఉన్న సొరపిల్లలు వస్తాయి. ముందు సగం చాపలా పరుచుకుని ఉండే టేకు చేపలాగా (ఇంగ్లీషులో రే), వెనక సగం సొరలాగా ఉండే గిటార్ ఫిష్ కూడా కనిపిస్తుంది. ఒడ్డుకు రాగానే వేలం పాట మొదలవుతుంది, పెద్దవి వేరే కుప్ప, చిన్నవి వేరే కుప్ప. ఎక్కువ భాగం కాసేపట్లోనే గంపల్లోకి, ఐసు పెట్టెల్లోకి వెళ్లిపోతుంది. మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెడతారు. పారేసేది ఏమీ ఉండదు.

ఇంటికి వచ్చాక అది సొరపుట్టు అవుతుంది. మా ఇంట్లో అమ్మ చేసే పద్ధతి ఇది: ముక్కల్ని పసుపు వేసి ఉడికించి, వేడి తగ్గాక ఆ గరుకు తోలు చేత్తోనే ఒలిచేస్తుంది. నడుమ ఉండే మెత్తటి ఎముక తీసేస్తుంది. కండను గట్టిగా పిండి, పొడిపొడిగా చిదిపి, బోలెడు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు వేసి వేయిస్తుంది. ఆ పిండడం దగ్గర అమ్మ రాజీపడదు, నీచు వాసన పోవాలంటే అక్కడే పోవాలంటుంది. దీనికి సైన్సు కూడా ఉంది. ఉప్పునీళ్లలో బతకడానికి సొర తన రక్తంలో, కండలో యూరియా నిలవ పెట్టుకుంటుంది. చచ్చాక అది అమ్మోనియాగా మారుతుంది. ముక్కు పగలగొట్టే ఆ ఘాటు అదే. తోలు గరుకుగా ఉండడానికి కారణం దాని మీద పొలుసులకు బదులు పళ్లలాంటి సన్నటి ముళ్లు ఉండడం. మెత్తటి ఎముక అన్నానే, అది నిజానికి ఎముక కాదు, మృదులాస్థి. మన చెవి డొప్పలో ఉండేలాంటిదే. ఒంట్లో అసలు ఎముకే లేని ఈ చేప జాతి 40 కోట్ల ఏళ్లకు పైగా సముద్రంలో ఉంది. డైనోసార్లు దీని తర్వాత వచ్చి, దీనికంటే ముందే పోయాయి.

ఇక టీషర్టుల మీది నినాదాల సంగతి. వాటిలో సగానికి సగం రెక్కలు కోయడం ఆపండి అంటాయి. సొరను పట్టి, సూపు కోసం రెక్కలు మాత్రం కోసుకుని, మిగతా ఒంటిని బతికుండగానే సముద్రంలో పడేయడం. ఘోరమే, అందులో సందేహం లేదు. కానీ మన దేశంలో 2013లోనే సొరను రెక్కలతో సహా పూర్తిగా ఒడ్డుకు తేవాలన్న నియమం పెట్టారు. 2015లో అన్ని రకాల సొర రెక్కల ఎగుమతినీ నిషేధించారు. దొంగచాటు వ్యాపారం ఆగిపోయిందని అనను. అయితే మన రేవుల్లో సొర చచ్చేది రెక్కల కోసం మాత్రమే కాదు, మాంసం కోసం, అంతకన్నా ఎక్కువగా వేరే చేప కోసం వేసిన వలలో చిక్కుకుని. ప్రపంచం మొత్తం మీద కూడా కథ అటే తిరిగింది. 2024 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, రెక్కల మీద దేశదేశాల్లో చట్టాలు వచ్చాక కూడా వేటలో చచ్చే సొరల సంఖ్య తగ్గలేదు, 2012లో ఏడాదికి 7.6 కోట్లు ఉన్నది 2019 నాటికి 8 కోట్లకు పెరిగింది. రెక్కలు కోసి పారేయొద్దంటే మొత్తం చేపను తెచ్చి మాంసం అమ్మడం పెరిగింది. ఇంకా పాత నినాదమే అచ్చేసుకుంటూ కూర్చుంటే మైపాడు పెద్దాయనకు అది తన గురించి కాదనిపిస్తుంది, అలా అనుకోవడం న్యాయమే.

బొమ్మల దగ్గరికొస్తే నాకు ఇంకో బాధ ఉంది, ఇది వృత్తిరీత్యా వచ్చింది. ఆన్‌లైన్‌లో దొరికే సొర డిజైన్లలో చాలావాటికి అసలు సొరను చూడకుండానే బొమ్మ వేశారని ఇట్టే తెలిసిపోతుంది. తోక అడ్డంగా ఉంటుంది. తోక అడ్డంగా ఉండేది తిమింగలానికి, డాల్ఫిన్‌కి. సొర తోక నిలువు, మన దగ్గర కనిపించే రకాల్లో పై రెబ్బ పొడుగు, కింది రెబ్బ పొట్టి. మెడ పక్కన మొప్పల చీలికలు మూడో నాలుగో గీసి వదిలేస్తారు. దాదాపు అన్ని సొరలకూ అటు ఐదు, ఇటు ఐదు ఉంటాయి. ఆరు, ఏడు ఉండే రకాలు కొన్నే. మగ సొరకు పొట్ట కింద వెనక రెక్కల దగ్గర రెండు పొడుగాటి అంగాలు వేలాడతాయి, టీషర్టుల మీద మగ సొర ఎప్పుడూ కనిపించదు. కాపాడమని అడుగుతున్న ప్రాణికి మొప్పలు కూడా లెక్కపెట్టలేదంటే, అడగడంలోనే శ్రద్ధ లేనట్టు.

శ్రద్ధతో వేస్తే ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి గై హార్వే ఉన్నాడు. జమైకాలో పెరిగిన మనిషి, సముద్ర జీవశాస్త్రంలో వెస్టిండీస్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. 1980లలో పెన్నూ ఇంకుతో చేపల బొమ్మలు వేయడంతో మొదలుపెట్టాడు, అవి టీషర్టుల మీదికి ఎక్కాయి. ఈరోజు అమెరికా తీరప్రాంతాల్లో ఆయన చొక్కా లేని జాలరి దొరకడం కష్టం. 1999లో ఫ్లోరిడాలోని నోవా సౌత్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఆయన పేరు మీద ఒక పరిశోధన సంస్థ పెట్టారు. ఆ సంస్థ వాళ్లు సొరల రెక్కకు ట్యాగులు బిగించి ఉపగ్రహాల ద్వారా అవి ఏ దేశం నీళ్లలోంచి ఏ దేశం నీళ్లలోకి వెళ్తున్నాయో గమనిస్తారు. చొక్కా అమ్మిన డబ్బులో కొంత ఆయన ఫౌండేషన్‌కు, అక్కణ్ణించి ఇలాంటి పనులకు వెళ్తుంది. నాకు ఇక్కడ ముఖ్యంగా కనిపించేది డబ్బు కూడా కాదు. ఆ చొక్కాలు కొనేది చేపలు పట్టేవాళ్లే. వాళ్లకు ఆ బొమ్మలో తప్పు దొరకదు, తాము రోజూ చూసే చేపే ఒంటి మీద ఉంటుంది. అందుకే వేసుకుంటారు, అందుకే ఆయన చెప్పేది వింటారు.

మరి మన ఆర్టిస్టులు ఏం వేయాలి? నన్నడిగితే పళ్లు వద్దు, పొట్ట వేయమంటాను. ఎందుకో చెప్తాను.

ఒకసారి తుమ్మలపెంట రేవులో సొరలు కోసే ఆడవాళ్ల దగ్గర నిలబడి చూశాను. ఒకామె కత్తిపీట మీద సొరను వెల్లకిలా పెట్టి పొట్ట చీల్చింది. లోపల పిల్లలు. గుడ్లు కాదు, పూర్తిగా తయారైన సొరలు, అరచేయంత. కళ్లు, రెక్కలు, ఆ ఐదేసి మొప్పల చీలికలతో సహా అన్నీ ఉన్నాయి. ఒక్కోదానికీ గొంతు కింద, ముందు రెక్కల నడుమ నుంచి సన్నటి పేగు తల్లికి అతుక్కుని ఉంది. మన పిల్లలకు బొడ్డుతాడు ఉన్నట్టే. "అయ్యో, కడుపుతో ఉండాదమ్మా ఇది" అంది ఆమె, పక్కామెకు చూపిస్తూ. అన్నదే గాని చేయి ఆపలేదు, ఆపడానికి కుదరదు, కొనుక్కున్న చేప అది. పిల్లల్ని పక్కన గిన్నెలో వేసింది. వాటికీ కొనేవాళ్లు ఉంటారు.

సొరల కష్టమంతా ఆ గిన్నెలో ఉంది. కవళ్లు, నెత్తళ్లు లాంటి చేపలు వేలకు వేలు గుడ్లు పెడతాయి, ఎన్ని పట్టినా కొంత తిరిగి పూడుతుంది. సొర అలా కాదు. చాలా రకాలు కొన్ని పిల్లల్నే కంటాయి, వాటిని నెలల తరబడి కడుపులో మోస్తాయి. పెద్ద జాతులు ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది. ఉత్తర అట్లాంటిక్ చల్లటి నీళ్లలో ఉండే గ్రీన్‌లాండ్ సొర ఈడుకు రావడానికి నూట యాభై ఏళ్లు పడుతుందని 2016లో లెక్కగట్టారు. అది మరీ చివరి ఉదాహరణే అనుకోండి. మొత్తం మీద మాత్రం, నడిసముద్రంలో తిరిగే సొరలు, టేకుల సంఖ్య 1970 నుంచి 2018 నాటికి 71 శాతం పడిపోయిందని 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. దవడలు చూపిస్తే జనానికి భయమేస్తుంది, భయపడ్డ మనిషి కాపాడడు. ఆ పొట్ట, ఆ పిల్లలు, ఆ బొడ్డుతాడు బొమ్మ వేస్తే మా తీరంలో ఏ ఆడమనిషికీ నినాదం చదివి వినిపించక్కర్లేదు.

నినాదం అంటే నాకు కొంచెం అనుమానమే. దానికీ కారణం ఉంది. సొరలు పోతే సముద్రమే చచ్చిపోతుందని చాలా చొక్కాల మీద ఉంటుంది. అందులో నిజం లేకపోలేదు. ఆస్ట్రేలియా పడమటి తీరంలోని షార్క్ బేలో టైగర్ సొరలు ఉండబట్టే తాబేళ్లూ దుగాంగులూ (సముద్రపు ఆవులు) ఒకే చోట కుదురుగా కూర్చుని సముద్రపు గడ్డి మొత్తం మేసేయకుండా ఉంటాయని ఏళ్ల తరబడి గమనించి చెప్పారు. కానీ అన్ని చోట్లా లెక్క అంత సూటిగా ఉండదు. 2007లో అమెరికా తూర్పు తీరం గురించి ఒక పేరున్న పరిశోధన వచ్చింది. పెద్ద సొరలు తగ్గిపోవడంతో అవి తినే ఒక రకం టేకులు పెరిగిపోయి, ఆ టేకులు ఆల్చిప్పల పంటను ఊడ్చేశాయని. వెంటనే అక్కడ 'అఖాతాన్ని కాపాడండి, టేకును తినండి' అని ప్రచారం మొదలైంది. టేకుల్ని బాణాలతో కొట్టే పోటీలు కూడా జరిగాయి. 2016లో వేరే శాస్త్రవేత్తలు పాత లెక్కలన్నీ తిరగేసి ఆ వాదన నిలబడదన్నారు. ఈలోగా ఏడాదికి ఒక్క పిల్లను కనే ఆ టేకులు అన్యాయంగా చచ్చాయి. 2017లో మేరీలాండ్ రాష్ట్రం ఆ పోటీలను ఆపించాల్సి వచ్చింది. నాలుగు మాటల నినాదం ఇంత పని చేసింది. చొక్కా మీద రాసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. నేనైతే అసలు ఏమీ రాయను, చేప పేరు మాత్రం రాస్తాను, తెలుగులో.

ఇప్పుడు డబ్బు. 'అమ్మకాల్లో కొంత భాగం' అంటే ఎంత? ధరలోనా, లాభంలోనా? మా లైనులో ఉన్నవాళ్లకు దీని మర్మం తెలుసు. వెయ్యి రూపాయల టీషర్టు మీద అన్ని ఖర్చులూ పోగా రెండొందలు మిగిలిందనుకోండి. లాభంలో పది శాతం అంటే ఇరవై రూపాయలు. ఆ ఇరవై ఏదో ఒక సంస్థ ఆఫీసుకు చేరి, అక్కడి అద్దెకూ జీతాలకూ కొంత పోయి, మిగిలింది ఒక సర్వేకో సదస్సుకో వెళ్తుంది. అవన్నీ దండగ అనడం లేదు, సర్వేలు లేకపోతే పైన నేను చెప్పిన అంకెలే ఉండవు. కానీ వలలో చిక్కిన చేపను వదలాలంటే వల కోయాలి. వల కోస్తే వేలల్లో నష్టం, ఆ రోజు వేట కూడా పోతుంది. ఆ నష్టం ఎవరు భరిస్తారన్నది తేల్చని టీషర్టు, కొన్నవాడి మనసుకు హాయిగా ఉండడం తప్ప చేసేదేమీ లేదు.

దీనికి మన దేశంలోనే జవాబు ఉంది, గుజరాత్‌లో. అక్కడ వేల్ షార్క్‌ను, అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చేపను, కాలేయం నూనె కోసం చంపేవాళ్లు. ఆ నూనె పడవలకు పూస్తే నీళ్లు దిగవు. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని నిషేధించారు. చట్టం గురించి రేవుల్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్లు ప్రచారం మొదలుపెట్టి, రామకథ చెప్పే మొరారి బాపును తీసుకొచ్చారు. ఈ చేప పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ లాంటిదని ఆయన చెప్పాడు. నిజం సైజులో గాలి నింపిన బొమ్మ చేపను ఊరూరా తిప్పారు, వీధి నాటకాలు ఆడారు. దీనితోపాటే అటవీశాఖ, వల కోసి చేపను వదిలినవాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది. తర్వాత మత్స్యకారుల చేతికే కెమెరాలిచ్చారు, వదిలినట్టు ఫొటో తీసి చూపిస్తే డబ్బు వస్తుంది. వందల కొద్దీ చేపలు అలా తిరిగి సముద్రంలోకి వెళ్లాయి. బొమ్మా కథా ఒక చేత్తో, వల డబ్బు ఇంకో చేత్తో. ఒక్కటే ఇచ్చి ఉంటే జరిగేది కాదని నా నమ్మకం.

మన వైపు ఇలాంటిది చేయాలంటే మొదటి అడ్డంకి గుర్తుపట్టడం. 2001 జులైలో కేంద్రం అన్ని సొరలనూ టేకులనూ కలిపి ఒక్కసారే నిషేధించింది. మత్స్యకారుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చాక డిసెంబరులో దాన్ని పది రకాలకు కుదించారు. వాటిలో వేల్ షార్క్ ఉంది, రంపంలాంటి ముక్కుండే చేపలున్నాయి, గంగానది సొర ఉంది, ఒక రకం పెద్ద గిటార్ ఫిష్ ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త జాబితాలో ఇంకా చాలా రకాలు చేరాయి. అందులో ఎక్కువ రక్షణ ఉన్న జాబితా మొదటి షెడ్యూలు, దాంట్లోని జంతువును చంపితే మూడేళ్లకు తగ్గని జైలు. చట్టం పుస్తకంలో ఈ పేర్లన్నీ లాటిన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. తెల్లారగట్ల, చీకట్లో, ఊగే బోటు మీద, వలలో గిలగిల్లాడే బూడిద రంగు చేప ఏ షెడ్యూల్లోదో ఎవరు చెప్పగలరు? ఎండ తగలకుండా మన బోట్ల మీద కుర్రాళ్లు పొడుగు చేతుల టీషర్టులు వేసుకుంటారు, చాలామటుకు ఎన్నికలప్పుడు ఏదో ఒక పార్టీ ఉచితంగా పంచినవి. ఆ చొక్కాలే మేమూ కొట్టాం, అది వేరే కథ. నాయకుడి ముఖం ఉండే చోట ఏ సొర ఏదో గుర్తుపట్టే బొమ్మలు ఎందుకు ఉండకూడదు? ఎడమ చేతి మీద పట్టుకోకూడనివి, కుడి చేతి మీద పట్టుకోదగినవి. తల ఆకారం, వీపు రెక్క ఎక్కడ మొదలవుతుంది, ముక్కు కొన ఎలా ఉంటుంది, చాలు. గోడకు అంటించిన పోస్టరు ఉప్పుగాలికి నెల ఉండదు, చొక్కా బోటు మీదే ఉంటుంది.

దీనికి కుర్రాళ్ల దగ్గర్నుంచి వచ్చే మొదటి మాట నాకు తెలుసు, ఇప్పటికే విన్నాను కూడా. "మమ్మల్ని సొరలు ఒదలమంటారు, సోనా బోట్లను ఎవురు ఆపతారు?" కడలూరు, నాగపట్నం, కారైకాల్ వైపు నుంచి వచ్చే ఆ పెద్ద బోట్లు మన తీరానికి దగ్గరగా వచ్చి ఊడ్చుకుపోతాయి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని మన రాష్ట్ర చట్టం చెబుతోంది, దాన్ని అమలు చేయించడానికి జువ్వలదిన్నె నుంచి తడ దాకా ఎన్నిసార్లు గొడవలు జరిగాయో పేపర్లు చూసేవాళ్లకు తెలుసు. వాళ్ల కోపం న్యాయమైంది. నా జవాబు కూడా ఒకటుంది: పిల్ల సొరలను ఊడ్చుకుపోయేదీ ఆ వలలే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఇంజను ఉన్న బోట్లకు ఎందుకు పెట్టారో, ఈ 8 కిలోమీటర్ల నియమమూ అందుకే అమలు కావాలి. తీరానికి దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకి పెద్ద మరబోట్లు రాకుండా ఆపడమే సొరల సంరక్షణలో మొదటి పని. ఆ మాట చెప్పే టీషర్టు మాత్రం ఇంతవరకూ నా కంటపడలేదు. ఆ అంశం అమ్మకానికి అందంగా ఉండదు మరి.

బట్ట గురించి కూడా ఒక మాట అనాలి. సముద్రం కోసం అని అమ్మే చొక్కాల్లో చాలావరకు పాలిస్టర్. ఉతికినప్పుడల్లా దాన్నుంచి కంటికి కనిపించని పోగులు ఊడి, కాలవల్లోంచి సముద్రానికే చేరతాయి. సముద్రంలోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో 35 శాతం బట్టలు ఉతకడం వల్లేనని ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ 2017లో అంచనా వేసింది. మేం స్క్రీన్ ప్రింటింగ్‌కు వాడే ప్లాస్టిసాల్ ఇంకు కూడా పీవీసీనే, అంటే ప్లాస్టిక్కే. కాటన్ అంటే తిరుప్పూరు నుంచి వస్తుంది. అక్కడి అద్దకం నీళ్లు నొయ్యల్ నదిని ఏం చేశాయో, 2011లో మద్రాసు హైకోర్టు ఆ యూనిట్లనే ఎందుకు మూయించిందో తెలిసిందే. ఆ నది కావేరిలో కలుస్తుంది, కావేరి మన బంగాళాఖాతంలోనే. మరి చొక్కాలే వద్దా అంటే, కావాలి. నీటి ఇంకులు ఉన్నాయి, కొంచెం ఖర్చెక్కువ, ఆరడానికి టైం పడుతుంది. ఇంకొంచెం డబ్బున్నవాళ్లకు పక్కనే శ్రీకాళహస్తి ఉంది. బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి, బెల్లం ఇనుము కలిపి పులియబెట్టిన నల్లరంగుతో వెదురు కలంతో గీసే కలంకారీ. నెమళ్లు, ఏనుగులు, రామాయణం గీసిన ఆ చేతికి సొర ఎంతసేపు? ఆ నల్లటి గీతలో సొర వీపు వంపు ఎంత బాగా కుదురుతుందో ఊహిస్తేనే నాకు చేతులు దురదపెడతాయి. వెంకటగిరి చీర కొంగులో జాందానీ బుటాగా సొరపిల్లల వరస నేసినా బాగుంటుంది. (వెంకటగిరిని తిరుపతి జిల్లాలో కలిపారు. మాకు మాత్రం అది ఇంకా నెల్లూరుదే.)

మీ ఇంట్లో సొరపుట్టు తింటూ ఈ కబుర్లేంటని అడుగుతారు. తింటాను, అందుకే మాట్లాడుతున్నాను. అది తినని వాడికి ఈ చేప పోతే పోయేది ఏముంది? చిన్న రకాలు త్వరగా ఎదిగి పిల్లల్ని కంటాయి, వాటిని ఒక హద్దులో పట్టుకుంటే బతుకుతాయి. సుత్తి తల సొర, గిటార్ ఫిష్ మా ఇంటికి రాకుండా చూసుకుంటున్నాం, అమ్మకు వాటిని చూడగానే తెలుస్తుంది. ఇక బాలింతలకు పాలు పడతాయని సొర పెట్టడం మన ఆచారం. అందులో పెద్ద సొర మాంసం మాత్రం వద్దనే అంటాను. ఆహారపు గొలుసులో పైనుండే చేప ఒంట్లో పాదరసం పోగవుతుంది, చేప వయసు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులనూ బాలింతలనూ సొర తినొద్దనే చెబుతోంది. ఈ ఒక్క మాట కాన్పుల వార్డు బయట చెప్పగలిగితే, పెద్ద సొరల గిరాకీ ఎన్ని టీషర్టులు తగ్గించగలవో అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది.

ప్రస్తుతానికి మా యూనిట్‌లో పొడుగు చేతుల చొక్కా నమూనా ఒకటి కొట్టాం. గిటార్ ఫిష్, సుత్తి తల సొర, రంపం చేప ఎడమ చేతి మీద, పాలసొర కుడి చేతి మీద, వీపు మీద కడుపుతో ఉన్న సొర, లోపల పిల్లలు కనిపించేలా. అమ్మకానికి నల్లరంగు అయితే పోతుందని మా ఓనరు అన్నాడు, బెంగళూరు వాళ్లు కొనేది అదే. పాకల బీచి కాడ బోటు కుర్రాళ్లకు చూపిస్తే ఒప్పుకోలేదు. "నల్లది ఒద్దన్నా, నీలం అసలొద్దు. నీళ్లలో పడితే మనిషి కనపడడు. నారింజ రంగు ఎయ్యండి" అన్నారు. కాబట్టి రెండూ కొడతాం. నల్లవి ఊళ్లలో అమ్ముతాం, ఒక నల్లచొక్కా ధరలో ఒక నారింజ చొక్కా ఖర్చు కలిసి ఉంటుంది, బట్టకెంత, ఇంకుకెంత, వల కోసినవాళ్ల కోసం పక్కన పెట్టేది ఎంత అన్నది రూపాయలతో సహా ట్యాగు మీదే ఉంటుంది. ఒక చిక్కు మిగిలింది: నారింజ మీద బూడిద రంగు వేస్తే మట్టిరంగులా తేలుతోంది, కింద తెల్ల కోటింగ్ వేయాలి, ఒక స్క్రీన్ ఎక్కువ పడుతుంది. ఆ ఖర్చు కూడా నల్లచొక్కా కొనేవాళ్ల మీదే వేస్తున్నాం, అదీ ట్యాగు మీద రాసే.